ఇంట్లో దిగని తీగ

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని పైకెక్కించి కిందికి దింపుతున్నారు గానీ, ఆయన పట్టుకున్న మాట మీద నుంచి ఆయన్ని దింపడం మాత్రం ఇంతవరకూ ఎవరి తరమూ కాలేదు. ఆ మాటేమిటంటే, ఏ వస్తువునైనా మార్చాలంటే దాని లోపాన్ని ఆయన స్వయంగా మూడు సార్లు చూడాలి. ఒకసారి చూస్తే పొరపాటట. రెండోసారి చూస్తే అనుమానమట. మూడోసారి చూస్తేనే లోపమట. లిఫ్టు ఆగిపోయిందని జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. ఈయన సంచీ తగిలించుకుని వెళ్ళేసరికి అది బుద్ధిగా పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. అలా అలా ఆయనకి జనం మాట మీద నమ్మకం పోయింది. పోతే పోయింది, ఆ అపనమ్మకాన్ని పనిముట్లతో పాటు ఆ సంచీలోనే పెట్టుకుని రోజూ సాయంత్రం ఇంటికి తెస్తారు.

మా గోడ గడియారం సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. రాత్రి సరిచేసి పడుకుంటే తెల్లారేసరికి పావుగంట వెనకబడి ఉంటుంది. నేను చూశాను, పిల్ల చూసింది, పక్కింటావిడ కూడా చూసి నవ్విపోయింది. మా ఆయన మాత్రం ఏడేళ్ళలో రెండే రెండు సార్లు చూశారు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఒకటి ఉంటుంది, అందులో తేదీలతో సహా రాసుకున్నారు. మూడోసారి ఆయన కంట పడలేదు. అంచేత ఆ గడియారం అనుమానం దగ్గరే ఆగిపోయి గోడ మీద వేలాడుతోంది. మేమే ఎక్కడికి బయల్దేరాలన్నా పావుగంట కలుపుకుని బయల్దేరతాం. ఏడేళ్ళలో అదొక అలవాటైపోయింది.

ఇక నా సంగతి. నేను ఇంట్లోనే ఇస్త్రీ పని చేస్తాను. ఒక పెద్ద హోటలు నుంచి పొద్దున్నే దుప్పట్లూ, దిండు గలీబులూ, బల్లల మీద పరిచే గుడ్డలూ మూటలుగా వస్తాయి. మా ముందుగదిలో ఆవిరి ఇస్త్రీ పెట్టె పొద్దున ఎనిమిదింటికి బుసకొట్టడం మొదలుపెడితే సాయంత్రం ఏడింటి దాకా ఆపదు. గోడకున్న అద్దంలో మా మొహాలు మాకు కనపడక చాలాకాలమైంది. తలుపు చెక్క ఉబ్బిపోయి, భుజం పెట్టి నెడితే గానీ మూతపడదు. ఈ తలుపు మాట గుర్తుంచుకోండి. నాకైతే గుర్తు రావలసినప్పుడు రాలేదు.

మాకు ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. ఒకచోట కాలు నిలవదని వాళ్ళ నాన్న దానికి ఉడత అని పేరు పెట్టారు. అలాంటి పిల్ల ఫిడేలు చేతికిస్తే మాత్రం గంటసేపు కదలదు. రెండు వీధుల అవతల ఒక టీచరమ్మ దగ్గర మూడేళ్ళుగా నేర్చుకుంటోంది. ఫిడేలు కొన్నది కాదు, మా ఆయన చిన్నాన్నగారిది. ఆయన కుర్రతనంలో దాన్ని నాలుగేళ్ళు సాధన చేసి, ఇరవయ్యో ఏట మానేసి, గొడుగుల షాపు పెట్టుకున్నారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పెట్టె మూత తీసి, దాని వీపు మీద చెయ్యి వేసి, ఒకటే మాట అంటారు.

"ఫిడేలు మహా గొప్పదమ్మా. నా చెయ్యే దానికి తగింది కాదు."

అంత గొప్ప ఫిడేలు ఇంట్లో ఉండగా ఇంకోటి కొనాలన్న ఊహే మాకు రాలేదు.

గొడవ నిరుడు మొదలైంది. టీచరమ్మ ఏడాదికోసారి పిల్లలందరిచేతా తల్లిదండ్రుల ముందు వాయిస్తుంది. ఆమెది మేడ మీద గది, పైన రేకుల కప్పు. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి నోరెండిపోయేలా ఉంది. మా ఉడత లేచి నిలబడి చక్కగా మొదలుపెట్టింది. సగంలో ఉండగా స్వరం జారడం మొదలైంది. ఇంకాసేపటికి రెండో తీగ సర్రుమని వదులైపోయి పక్కకి వాలింది. పిల్ల ఆపేసి, అందరివైపూ చూసి, "తీగ దిగిపోయింది" అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

దారిలో ఊరుకున్నానా అంటే, ఊరుకోలేదు. పనిముట్టు మీద నెపం వేసేవాళ్ళని దెప్పిపొడవడానికి మన నోళ్ళలో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది. మీకూ తెలుసు. అదే అన్నాను, నడివీధిలో, నలుగురూ వింటుండగా. ఇక్కడ మళ్ళీ అనను, ఆ రోజు అన్నది చాలు.

"ఇంట్లో రోజూ వాయిస్తావు, ఎప్పుడైనా దిగిందా? అక్కడికెళ్ళేసరికే దిగుతుందా? సాధన చేస్తే ఏదీ దిగదు," అని కూడా అన్నాను.

"ఇంట్లో దిగదమ్మా," అంది పిల్ల.

"మరి?"

పిల్ల ఫిడేలు పెట్టె ఇంకో చేతికి మార్చుకుంది. ఆ తర్వాత తీగ మాట ఎప్పుడూ ఎత్తలేదు. దారికొచ్చిందిలే అనుకుని నా భుజం నేనే తట్టుకున్నాను.

మొన్న వేసవి చివర టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె ఎవరింటికీ ఊరికే రాదు. కుర్చీ చూపిస్తే కూచోకుండా నిలబడే చెప్పేసింది.

"ఇంకో ఆరువారాల్లో సంగీత పాఠశాలలో పై తరగతికి ఎంపిక ఉంది. పన్నెండు మందిని తీసుకుంటారు. పన్నెండేళ్ళు నిండినవాళ్ళని తీసుకోరు, అంటే మీ అమ్మాయికి ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఆ అమ్మాయికి చెవి ఉంది, చెయ్యి ఉంది. ఫిడేలు లేదు. ఈ ఫిడేలుతో నేను పంపను. మార్చండి. మార్చడం కుదరకపోతే మాన్పించేయండి, పిల్లని అందరి ముందూ నిలబెట్టి ఏడిపించడం నా వల్ల కాదు."

మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా అడిగారు.

"దాని లోపం ఏమిటండీ?"

"రెండో తీగ దిగిపోతుంది. పాఠంలో కనీసం రెండు మూడు సార్లు బిగించాల్సి వస్తుంది."

"మీరు చూశారు. నేను చూడలేదు."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"అయ్యో, అబద్ధమని కాదండీ. మీరు చెప్పింది మీ మాట. నేను చూసేది రుజువు."

టీచరమ్మ నావైపు చూసింది. నేను దుప్పటి మడత పెట్టడంలో చాలా తీరిక లేనట్టు తల వంచుకున్నాను. మా ఆయన్ని నేను వెక్కిరిస్తాను గానీ పరాయివాళ్ళ ముందు ఆయన పక్షమే. పైగా నిజం చెప్పొద్దూ, ఆ మాట విషయంలో నేనూ ఆయన పక్షమే. మా కళ్ళ ముందు ఒక్కసారి కూడా దిగని తీగ బయటికెళ్ళగానే దిగుతోందంటే అది భయమో, బద్ధకమో అయి ఉండాలి.

మర్నాటి నుంచి పరిశీలన మొదలైంది. ఎక్కడ? మా ముందుగదిలో. టీచరమ్మ గదికి వెళ్ళి చూడొచ్చు కదా అంటే, వస్తువు ఎక్కడ ఉంటుందో అక్కడే దాన్ని పరీక్షించాలట. మా ఆయన ముక్కాలి పీట వేసుకుని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని, చెవి మీద పెన్సిలు దోపుకుని కూర్చున్నారు. ఫిడేలు తల దగ్గర తీగలు చుట్టి బిగించే చెక్క మరలు నాలుగుంటాయి, బిరడలంటారు వాటిని. రెండో బిరడ మీద నుంచి పక్క చెక్క మీదికి సుద్దముక్కతో సన్నటి గీత గీశారు. బిరడ వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనపడుతుందట. లిఫ్టు మరల మీద కూడా ఇలాగే గీస్తారట. ఆ తెలివిని నేను కూడా లోపల మెచ్చుకున్నాను.

ఏడు సాయంత్రాలు. పిల్ల వాయిస్తుంది, ఆయన గీత చూస్తారు, నేను ఇస్త్రీ చేస్తుంటాను. గది నిండా ఆవిరి. గీత ఇసుమంతైనా కదల్లేదు. రోజూ పెట్టెలో పెట్టే ముందు ఆయన టార్చిలైటు వేసి మరీ చూసి, నోటుబుక్కులో సున్నా చుట్టేవారు.

ఆ వారం పిల్ల మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. వాయిస్తూ వాయిస్తూ బిరడ వైపు ఓరగా చూసేది. ఒకరోజు తీగల మీద లాగుతున్న కమాను ఆపి, "నాన్నా, మేడ మీదికెళ్ళి వాయించనా?" అని అడిగింది. "ఇక్కడేం తక్కువైంది? వేషాలెయ్యకు," అన్నాను నేను. తన ఫిడేలు పాడవ్వాలని దేవుడికి దండం పెట్టుకునే పిల్లని నేనెప్పుడూ చూడలేదు. చూసినా అది దండమని నాకు తెలియలేదు, తప్పించుకునే ఎత్తనుకున్నాను.

ఏడోరోజు చిన్నమామగారిని కూడా పిలిపించారు, నిపుణుల అభిప్రాయం కోసం. ఆయన చెయ్యి చెవికి ఆనించుకుని మొత్తం విన్నారు. "ఆహా, తీగ రాయిలా నిలబడింది!" అన్నారు. తర్వాత మామూలుగానే ఫిడేలు వీపు నిమిరి, ఫిడేలు మహా గొప్పదనీ, ఇంకా మిగతాదీ అన్నారు. మా ఆయన ఏడు సున్నాల కింద అడ్డగీత గీసి, నోటుబుక్కు జేబులో పెట్టుకున్నారు. "మార్చక్కర్లేదు," అన్నారు. పిల్ల ఫిడేలు పెట్టెలో పెట్టి, మూత వేసి, లోపలికెళ్ళి పడుకుంది. అన్నానికి లేపితే ఆకలి లేదంది.

ఈ సంగతి చెప్పడానికి నేనే టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె విని, కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. కాసేపు ఆలోచించి ఒక చిరునామా రాసిచ్చింది.

"ఫిడేళ్ళు చేసే మేస్త్రి ఉన్నాడు. పిల్లని అక్కడికి తీసుకెళ్ళి ఏదో ఒక మంచి ఫిడేలు మీద వాయించమనండి. సరిగ్గా వాయిస్తే లోపం మీ ఫిడేలుది. అక్కడా తప్పితే నేను మీ ఆయనకి క్షమాపణ చెప్పుకుంటాను."

ఇది విని మా ఆయన మొహం విప్పారింది. అనుమానం వచ్చిన చోట మంచి పార్టు వేసి చూడటం వాళ్ళ పనిలో ఉన్నదేనట. "ఆవిడ మెకానిక్ అవ్వాల్సిన మనిషి," అన్నారు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద పొగడ్త నేనెరగను. "అక్కడ కూడా తప్పిందంటే మాత్రం ఇక మాన్పించేద్దాం. అందరికీ అన్నీ రావు. పిల్లని ఊరికే ఇబ్బంది పెట్టడం ఎందుకు," అని కూడా అన్నారు. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, వింది. అంటే ఆ షాపులో తేలబోయేది ఫిడేలు సంగతి కాదు, తన సంగతేనని దానికి తెలుసు.

మేస్త్రి షాపు రెండు దుకాణాల మధ్య ఇరుక్కుని ఉంది. పైకప్పు నుంచి ఇంకా మెరుగు పెట్టని ఫిడేళ్ళు వేలాడుతున్నాయి. కింద రంపపు పొట్టు, చెక్కలు అతికించే వజ్రం బంక వాసన. తడి తగిలితే చెక్కకి చెడ్డదని మూల ఒక హీటరు పెట్టుకున్నాడు. కాళ్ళు తుడుచుకుని రమ్మని వేలు చూపించి చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీద, మాటలు పొదుపు. మేము సంగతి చెబితే తల ఊపి, కొత్త ఫిడేలు ఒకటి దించి, నాలుగు తీగలూ సరిచేసి పిల్ల చేతికిచ్చాడు.

ఉడత గడ్డం కింద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వాయించింది.

నాకు సంగీతం రాదు. కానీ మూడేళ్ళుగా ఇస్త్రీ చేస్తూ వింటున్న పాఠం. ఎక్కడ తప్పిందో నాకు కూడా తెలిసింది. మొదటి తీగ బాగుంది, మూడోది బాగుంది. రెండో తీగ మీదికి వచ్చినప్పుడల్లా స్వరం పైకి పోతోంది. మళ్ళీ వాయించమన్నాడు మేస్త్రి. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే.

మూడు సార్లు. మా ఆయన స్వయంగా, తన చెవులతో.

నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. పిల్ల దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేశారు.

"పోనీలేమ్మా. మూడేళ్ళు నేర్చుకున్నావు కదా, అదే చాలు. ఇక మానేద్దాం."

పిల్ల ఏడవలేదు. టీచరమ్మ నేర్పినట్టు కమాను మరని రెండు చుట్లు వదులు చేసి, జాగ్రత్తగా మేస్త్రి బల్ల మీద పెట్టింది. నాకేమనిపించిందో దాచకుండా చెబుతాను. నాకు ఊరటగా అనిపించింది. నడివీధిలో అన్న మాట సరైనదే అయిందని, నేను అన్యాయం చెయ్యలేదని. తల్లినై ఉండి, కూతురికి చేతకాదని తేలితే ఊపిరి పీల్చుకున్నాను.

"ఆగండి," అన్నాడు మేస్త్రి. కళ్ళద్దాలు నుదుటి మీంచి కిందికి దింపుకున్నాడు. "చేతకాని చెయ్యి నాలుగు తీగల మీదా తప్పుతుంది. ఈ పాప ఒక్క తీగ మీదే తప్పింది. అదీ ప్రతిసారీ సరిగ్గా అంతే పైకి వెళ్ళింది. ఇంత శ్రద్ధగా తప్పేవాళ్ళని నేను చూడలేదు. ఏమ్మా, ఆ వేలు అక్కడెందుకు పెడుతున్నావు?"

ఉడత వాళ్ళ నాన్న వైపు చూసింది, నావైపు చూసింది. ఇక పోయేదేముందనుకుందో ఏమో, చెప్పింది.

"ఆ తీగ దిగుతుంది కదండీ. నేను వాయిస్తూ ఉండగానే దిగుతూ ఉంటుంది. అందుకని వేలు కొంచెం ముందుకి జరిపి పెడతాను. అప్పుడు సరిపోతుంది."

"ఈ తీగ దిగడం లేదుగా?"

"దిగుతుందనుకున్నాను. ఇంట్లో అయితే దిగదు, అక్కడ మామూలుగానే పెడతాను. బయట దిగుతుంది. ఇది బయట కదా."

మేస్త్రి మేము వెంట తెచ్చిన పెట్టె తెరిచి, చిన్నమామగారి గొప్ప ఫిడేలు బల్ల మీద పడుకోబెట్టాడు. రెండో తీగ విప్పి, బిరడ లాగి, ఆ కన్నంలోకి దీపం వంచి మా ఆయన్ని చూడమన్నాడు.

"గుండ్రంగా ఉందా?"

మా ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. "లేదు. కోడిగుడ్డులా ఉంది."

"చేసినవాడే అలా తొలిచాడు. ఇది పుట్టినప్పటి నుంచీ ఇంతే. నాలుగు వైపులా పట్టాల్సిన బిరడ రెండు వైపులే పడుతోంది. చెక్కకి తడి తగిలితే ఉబ్బి గట్టిగా కూర్చుంటుంది. ఆరితే వదిలేస్తుంది. ఇంట్లో ఏ గదిలో వాయిస్తుంది పాప? ఏముంటుంది అక్కడ?"

మా ఆయన నావైపు తిరిగారు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఎప్పుడూ మెత్తబడి, ముడతలు పడి ఉండే వేళ్ళు.

"ఆవిరి," అన్నాను. భుజం పెట్టి నెట్టే తలుపు అప్పుడు గుర్తొచ్చింది.

మేస్త్రి మా ఆయన చొక్కా మీద కంపెనీ ముద్ర చూశాడు. "లిఫ్టులు బాగుచేస్తారా? లిఫ్టు ఆగిందని ఫోనొస్తే ముందుగా ఏం అడుగుతారు?"

"ఎక్కడ ఆగింది, ఏ అంతస్తులో అని..." అంటూ మా ఆయన మధ్యలో ఆగిపోయారు. ఇరవై రెండేళ్ళుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళని రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్న. సొంత కూతుర్ని ఒక్కసారి అడగలేదు. పీట మీద కూలబడి, అప్పుడు అడిగారు.

"ఎక్కడెక్కడ దిగేదమ్మా?"

"టీచరుగారింట్లో. బళ్ళో. మన మేడ మీద. అమ్మ ఇస్త్రీ లేని రోజున ముందుగదిలో కూడా."

"ఇదంతా మాకెందుకు చెప్పలేదే?" అన్నాను నేను.

"చెప్పాను కదమ్మా, ఆ రోజు," అంది ఉడత. దాని గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "మీరు నమ్మలేదు. మన గడియారానికి పావుగంట కలుపుకుంటాం కదా, అలాగే కలుపుకున్నాను."

నేను షాపు బయటికొచ్చి నిలబడ్డాను. రోడ్డు మీద జనం వాళ్ళ పాటికి వాళ్ళు పోతున్నారు. జారుతున్న తీగ వెంట జారుతున్నంత మేరా వేలు జరుపుకుంటూ, ఎవరికీ తెలియకుండా మూడేళ్ళు నెట్టుకొచ్చిన పిల్లని పట్టుకుని నేను అన్న మాట అది. లోపలికెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకుని, "తప్పు నాదేనే," అన్నాను. "ఊరుకో అమ్మా, అందరూ చూస్తున్నారు," అంది. చూడ్డానికి అక్కడ మేస్త్రీ, మా ఆయనా తప్ప ఎవరూ లేరు.

కొత్త ఫిడేలు ఆ పూటే కొన్నాం. ధర మాట ఎత్తను, ఎత్తితే మా ఆయన ఇప్పటికీ నీళ్ళు తాగుతారు. పెట్టె మోసుకొస్తూ ఆయన నోటుబుక్కు తీసి, రాయాలా వద్దా అని కాసేపు తటపటాయించారు. "లెక్కప్రకారం దిగడం నేనింకా ఒక్కసారి కూడా చూడలేదు తెలుసా," అన్నారు. నేను చూసిన చూపుకి నోటుబుక్కు మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

పాత ఫిడేలు కన్నం పూడ్చి, కొత్తగా తొలిచి ఇస్తానన్నాడు మేస్త్రి. వారం తర్వాత తెచ్చాం. చిన్నమామగారికి ఈ సంగతి చెప్పొద్దన్నారు మా ఆయన, ముసలాయన బాధపడతారని. ఆయన వచ్చి, పెట్టె తెరిచి, వీపు మీద చెయ్యి వేసి, "ఫిడేలు మహా గొప్పది" అనగానే నేనుండబట్టలేక చెప్పేశాను. మొత్తం విన్నారు.

"ఏ తీగ అన్నావమ్మా?"

"రెండోదండీ."

"ఆఁ. నాకూ అదే." వీపు మీద ఉన్న చెయ్యి తీసేశారు. "నలభై ఎనిమిదేళ్ళు గొడుగులమ్మాను. గొడుగులంటే నాకెప్పుడూ పడదు తెలుసా?"

టీ ఇస్తే తాగకుండా అలాగే కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ఫిడేలు తీసుకెళ్ళారు. ఇప్పుడు వాయిస్తున్నారో, ఎదురుగా పెట్టుకుని తిడుతున్నారో మాకు తెలియదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన్ని చూశాక మాత్రం ఒక్క సంగతి నాకు బాగా బోధపడింది. మేస్త్రి ఆగమనకపోయి ఉంటే, మా పిల్ల కూడా నా చెయ్యి మంచిది కాదనుకుంటూ డెబ్భై ఏళ్ళు బతికేసేది. ఫిడేలు గొప్పదని పదిమందికీ చెబుతూ.

మిగిలిన మూడు వారాలూ పిల్ల నేర్చుకున్నది కొత్త పాఠం కాదు, పాత అలవాటు మానడం. వేలు దానంతటదే ముందుకి పోయేది. కమాను ఆపి, వేలు వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. అది మరీ కష్టమంది టీచరమ్మ. నేను ఇస్త్రీ బల్ల పెరటి వరండాలోకి మార్చేశాను. ఆ రోజుల్లోనే ఒకనాడు చూస్తే గోడ మీద కొత్త గడియారం ఉంది. "మూడోసారి మీ కంట పడిందా?" అన్నాను. "నువ్వు చూశావుగా," అన్నారు మా ఆయన, అటు తిరిగి. కొన్నాళ్ళు అన్ని చోట్లకీ పావుగంట ముందు చేరి దిక్కులు చూస్తూ నిలబడ్డాం.

ఎంపిక ఫలితం ముందే చెప్పేస్తాను, ఊరికే మీచేత ఊపిరి బిగబట్టించడం ఎందుకు. పన్నెండు పేర్లలో మాది పదకొండోది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఆ రోజు పిల్లలు లోపల, మేము బయట నడవాలో. తలుపు మందం, ఏమీ వినపడలేదు. మా ఆయన గోడకానుకుని నిలబడి చొక్కా జేబు తడుముకుంటూ ఉన్నారు. పావుగంటకి తలుపు తెరుచుకుంది. ఉడత ఫిడేలు చంకలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"తప్పుల్లేకుండా వాయించావా?" అన్నాను.

"లేదమ్మా, రెండు తప్పులొచ్చాయి."

మా ఆయన జేబు మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల మొహంలోకి చూస్తూ అడిగారు. "ఎక్కడమ్మా?"

"ఒకటి మూడో తీగ మీద, ఇంకోటి నాలుగో తీగ మీద," అంది ఉడత. బహుమతి చూపించినట్టు రెండు వేళ్ళు పైకెత్తి చూపించింది. "రెండూ నావే నాన్నా!"